ఉగాది ప్రదక్షిణము - కోరికయా? కైంకర్యమా?

చైత్ర శుద్ధ పాడ్యమినాడు తెలుగువారి ఇండ్లలో తెల్లవారకముందే సందడి మొదలగును. అభ్యంగన స్నానము, గుమ్మములకు మామిడాకుల తోరణము, కొత్త చింతపండు, కొత్త బెల్లము, వేపపూవు కలిపిన పచ్చడి, ఆలయములో పంచాంగ శ్రవణము - ఇవి తరతరములుగా వచ్చుచున్న మర్యాదలు. తిరుమలలో శ్రీవారి సన్నిధిని ఆనాడు ఉగాది ఆస్థానము జరుగును. కొత్త సంవత్సరములో మన ఆదాయ వ్యయములెంత, రాజపూజ్య అవమానములెంత అని వినుటకు అందరమును కుతూహలపడుదుము. అయితే మన ఇండ్లలోని పెద్దలు దానికి ముందు ఒక పని చెప్పెడివారు. "ముందు గుడికి పోయి స్వామి చుట్టూ తిరిగి రండి. పంచాంగం తర్వాత వినవచ్చు" అనెడివారు.

చుట్టూ తిరిగి వచ్చుట అను ఈ చిన్న పనిలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. తిరిగినవాడు బయలుదేరిన చోటికే వచ్చును. ఒక్క అడుగైనను ముందుకు పోయినట్లు లెక్క కాదు. అట్టి నడకవలన సంవత్సరారంభమున మనకు లభించునది ఏమి? అదియుగాక, మనలో చాలమంది ఊరక తిరుగరు. మనస్సులో ఒక కోరిక పెట్టుకొని, లెక్క పెట్టుకొనుచు తిరుగుదురు. అట్లు తిరిగినచో అది భక్తియా, బేరమా? ఈ రెండు ప్రశ్నలను పాఠక మహాశయులతో కలసి కొంత విచారింపవలెనని ఈ చిన్ని ప్రయత్నము.

మొదట కాలమును గూర్చి ఆలోచింతము. మన సంవత్సరములకు ప్రభవ మొదలు అక్షయ వరకు 60 పేర్లు కలవు. అక్షయ ముగిసిన తరువాత మరల ప్రభవయే వచ్చును. మనిషి పుట్టిన సంవత్సరపు పేరు 60 ఏండ్లు నిండినప్పుడు మరల అతని యెదుటికి వచ్చును. అప్పుడు షష్టిపూర్తి చేయుదుము. కాలము ఎటో సాగిపోవు గీత కాదనియు, తిరుగుచుండు చక్రమనియు మన పూర్వుల భావము. అదే చైత్రము వచ్చును. అదే వేప పూయును. కాని పూసినది నిరుటి పూవు కాదు. దానిని కోసిన చేయియు నిరుటి చేయి కాదు. ఒక యేడు గడచినది. ఇంటిలో ఒకరు పుట్టియుందురు, ఒకరు వెళ్లిపోయియుందురు. బయలుదేరిన చోటికే వచ్చినవాడు బయలుదేరినప్పటి మనిషిగా రాడు. సంవత్సరమే ఒక ప్రదక్షిణము అనుకొన్నచో, ఉగాదినాడు గుడి చుట్టూ తిరుగుట ఆ పెద్ద ప్రదక్షిణమును మన కాళ్లతో మనము గుర్తుచేసుకొనుటయే.

హైదరాబాదు పాతబస్తీలో నివసించువారికి తిరుగుట అనగా ఏమో విడమరచి చెప్పనక్కరలేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారుకు నాలుగు దిక్కులను నాలుగు కమానులు. దానికి ఉత్తరమున చార్‌కమాన్, ఆ కమానుల నడుమ గుల్జార్ హౌజ్. పెద్ద వీధులు ఇట్లు దిక్కులనుబట్టి చక్కగా తీర్చినవే. కాని ఆ వీధినుండి ఒక్క సందులోనికి మళ్లితిమా, దానినుండి మరియొక సందు, అక్కడినుండి ఇంకొకటి. శాలిబండకు పోవలెనని బయలుదేరిన కొత్తవాడు దారి ముగిసిపోయిన ఏ గోడ దగ్గరనో నిలిచిపోవును. ప్రతి మలుపువద్దను "కుడికా, ఎడమకా" అను సందేహమే. తప్పినచో వెనుకకు రావలసినదే.

ఆ సందులలోనే చిన్న చిన్న ఆలయములు కలవు. గడప దాటి లోపల అడుగుపెట్టినంతనే వ్యవహారము మారిపోవును. గర్భాలయము చుట్టును ఒక్కటే దారి. స్వామి మన కుడిచేతి వైపున ఉండును. ప్రదక్షిణము అను మాటలోనే ఆ కుడివైపు ఉన్నది. అక్కడ "ఎటు పోవలెను?" అను ప్రశ్న లేదు. తరువాతి అడుగు వేయుట ఒక్కటే మన పని. బయటి సందులోను మలుపులే, లోపలి దారిలోను మలుపులే. మొదటిచోట మనిషి తన తెలివిని నమ్ముకొని తిరుగును, రెండవచోట దారిని నమ్ముకొని తిరుగును. సంవత్సరమంతయు ఎటు పోవుదుమా అని తల్లడిల్లు మనస్సునకు, ఆ మొదటి దినమున ఒక్క గడియయైనను ఎటు పోవలెనో వెదుకనక్కరలేని నడక లభించుట చిన్న ఉపకారము కాదు.

ఈ భేదమును ఇతర దేశములవారును గుర్తించిరి. ఫ్రాన్సు దేశములోని షార్‌త్ర్ పట్టణపు ప్రాచీనమైన చర్చిలో, 13వ శతాబ్దపు తొలినాళ్లలో, నేలమీద రాళ్లతో ఒక వలయచిత్రమును పరచిరి. దాని వెడల్పు దాదాపు 13 మీటర్లే. అందు 11 వలయములు. లోపలి దారి పొడవు మాత్రము సుమారు 260 మీటర్లు. ఆ దారి ఎక్కడను చీలదు. నడచువాడు కేంద్రమునకు చేరువగా వచ్చితిననుకొనునంతలో అది మరల అంచునకు తీసికొనిపోవును, అంచున ఉంటిననుకొనునంతలో లోపలికి తిప్పును. దారి విడువనివాడు మాత్రము తప్పక నడుమకు చేరును. ఇట్టి వలయములలో మౌనముగా నడచి కొత్త సంవత్సరమునకు స్వాగతము చెప్పువారు ఇప్పటికిని పాశ్చాత్య దేశములలో ఉన్నారు.

మనకు వలయమనగానే పద్మవ్యూహము జ్ఞప్తికి వచ్చును. కర్ణాటకములోని హళేబీడు హొయసళేశ్వరాలయపు గోడలమీద, 12వ శతాబ్దపు శిల్పులు అభిమన్యుడు చొచ్చిన ఆ వ్యూహమును మెలికలు తిరిగిన దారివలె చెక్కిరి. అభిమన్యునకు లోపలికి పోవుట తెలియును, బయటికి వచ్చుట తెలియదు. ఆలోచించినచో ఉగాదినాడు మనమందరమును అభిమన్యులమే. కొత్త సంవత్సరములోనికి ప్రవేశించుట ఎవరికి తెలియదు? అందులోనుండి ఎట్లు బయటపడుదుమో ఎవరికి తెలియును? అయితే అభిమన్యుని వ్యూహము నడుమ నిలిచినది శత్రుబలము. మనము చుట్టివచ్చు వలయము నడుమ నిలిచినది శ్రీమన్నారాయణుడు. శ్రీరంగములో ఆ నడుమకు చేరుటకు ఏడు ప్రాకారములు దాటవలెను. తిరుమలలో ముక్కోటి ప్రదక్షిణ ద్వారము తెరచుటకై భక్తులు వైకుంఠ ఏకాదశి వరకు వేచియుందురు. దారి ఎంత చుట్టు తిరిగినను నడుమ ఉన్నవాడెవరో తెలిసినవానికి భయములేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "గానుగెద్దు కూడ తిరుగును గదా! ఉదయమునుండి సాయంకాలము వరకు నడచినను అది గానుగను వదలి జానెడు దూరమైనను పోలేదు. దానికి లేని పుణ్యము మనకెట్లు వచ్చును?" అని. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఎద్దు కండ్లకు గంతలు కట్టుదురు. తానెవరి చుట్టూ తిరుగుచున్నదో దానికి తెలియనీయరు. తెలిసినచో అది తిరుగదు. మనిషియు కోరిక అను గంత కట్టుకొని తిరిగినచో అతని నడక గానుగ నడకయే. గర్భాలయములోని మూర్తి అతనికి కనబడదు. తన పని అగునా కాదా అన్నదొక్కటే కనబడును. కాబట్టి మన అసలు ప్రశ్న ఇచ్చటికే వచ్చుచున్నది. కోరికతో తిరుగవచ్చునా?

ఈ ప్రశ్నకు హైదరాబాదు వాసులకు మిక్కిలి దగ్గరగా ఒక పుణ్యక్షేత్రము కలదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచివేసిన తరువాత, అట్టి ఆపద మరల రాకుండ ఎగువన ఒక జలాశయమును నిర్మించిరి. 1920లో పూర్తియైన ఆ గండిపేట చెరువునకే ఉస్మాన్ సాగరమని పేరు. దాని చేరువనే చిలుకూరు గ్రామములో శ్రీ బాలాజీ వేంకటేశ్వరస్వామి వెలసియున్నాడు. అచ్చట హుండీ లేదు. ధనికులకు వేరు దర్శనము, పేదలకు వేరు దర్శనము అను భేదము లేదు. కోరిక చెప్పుకొనువారు 11 ప్రదక్షిణలు చేయుదురు. కోరిక నెరవేరిన పిదప మరల వచ్చి 108 ప్రదక్షిణలు చేయుదురు. 1 నుండి 108 వరకు అంకెలు అచ్చువేసిన చిన్న అట్టముక్కను చేతబట్టి, ఒక్కొక్క చుట్టు పూర్తికాగానే ఒక్కొక్క అంకెను కొట్టివేయుచు వేలాదిమంది అచ్చట నడచుచుందురు. విదేశములకు పోదలచిన యువకులు ఎక్కువగా వచ్చుటచేత "వీసా బాలాజీ" అను ముద్దుపేరు కూడ స్వామికి కలిగినది.

దీనిని చూచి కొందరు విద్యావంతులు నవ్వుదురు. "పదకొండు ముందుగా చెల్లించు బయానా, నూట ఎనిమిది పని అయిన తరువాత చెల్లించు బాకీ. ఇది వర్తకము గాక మరియేమి?" అందురు. పైకి చూచినచో అట్లే కనబడును. కాని ఏ వర్తకుడైనను వస్తువు చేతికి రాకముందు ఎక్కువ వంగును, వచ్చిన తరువాత తక్కువ వంగును. ఇచ్చట లెక్క తలక్రిందులైనది. అడుగుటకు 11, కృతజ్ఞతకు 108. కోరిక తీరినవాడు గుడిని మరచిపోవుట లోకస్వభావము. ఆ మరపునకు విరుగుడుగా ఈ సంఖ్య ఏర్పడినదా అనిపించును.

మన శ్రీవైష్ణవ సంప్రదాయములో దీనిని అర్థము చేసికొనుటకు రెండు మాటలున్నవి. ఒకటి ఉపాయము, రెండవది కైంకర్యము. ఒక ఫలమును పొందుటకై చేయునది ఉపాయము. ఫలమేమియు ఆశింపక స్వామికి చేయు సేవ కైంకర్యము. భగవంతుని పొందుటకు భగవంతుడే ఉపాయమనియు, మన చేతలు ఉపాయము కావనియు పూర్వాచార్యులు చెప్పిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. ఈ రెండు న్యాయములను గూర్చి మన పెద్దలు ఎంతయో చర్చించిరి. ప్రదక్షిణము చేయువాడు మొదటి చుట్లలో కోతిపిల్ల. "నేను తిరుగుచున్నాను, నేను అడుగుచున్నాను" అని పట్టు బిగించును. చుట్లు పెరిగినకొలది కాళ్లు నొచ్చును, నోరెండును, అడుగవలెననుకొన్న మాటలు ఒక్కొక్కటిగా జారిపోవును. చివరికి గోవింద నామమొక్కటే మిగులును. పట్టు సడలిన ఆ క్షణమున అతడు పిల్లిపిల్ల అగును. అందుచేత లెక్కను చిన్నచూపు చూడరాదు. ఆ లెక్క స్వామికొరకు కాదు, మన గట్టిపట్టును అలయజేయుటకొరకు.

ఇంతవరకు చెప్పినది కోరిక తీరినవారి విషయము. కోరిక తీరనివాని సంగతి ఏమి? పదకొండు తిరిగెను, కండ్లనీళ్లతో తిరిగెను, అయినను పని కాలేదు. అతడు స్వామికి బాకీపడలేదు గదా! అతని ప్రదక్షిణము వ్యర్థమైనదా? ఈ ప్రశ్నకు నిలువని సమాధానము సమాధానమే కాదు. దీనికి నేను గ్రంథములలో వెదుకకముందే, మా వీధిలో ఒక జవాబు చూచితిని.

శాలిబండ వైపున మా పొరుగింట ఒక వృద్ధ దంపతులుండెడివారు. భర్తకు జబ్బు చేసినది. ఆమె మెహదీపట్నములో బస్సు మారి చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి వచ్చెను. ఆయన బ్రదుకవలెనన్నదే ఆమె కోరిక. నాలుగు నెలలు మంచమున ఉండి ఆయన మాఘమాసమున పరమపదించెను. సంవత్సరీకము ముగిసిన తరువాత వచ్చిన ఉగాదినాడు, ఆమె కుమారుని పిలిచి చిలుకూరు పోదమనెను. నూట ఎనిమిది తిరుగవలెననెను. అతనికి కోపము, దుఃఖము ఒక్కసారిగా పొంగివచ్చినవి. "ఎందుకమ్మా? నువ్వు అడిగింది ఇచ్చిండా? ఇస్తే గదా తిరుగాల్సింది?" అనెను. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, "ఇయ్యలేదు బిడ్డా. నిజమే. నేనూ ఏడ్చిన, తిట్టిన. ఆయన దగ్గరికి పోకుంటే ఇంకెవ్వరి దగ్గరికి పోవాలె నేను?" అనెను. అతడు మారుమాట చెప్పలేదు.

ఆనాడు వారితో నేనును వెళ్లితిని. అంకెల అట్టను కొడుకే పట్టుకొని, తల్లి వెనుక నడచుచు గుర్తులు పెట్టుచుండెను. మోకాళ్ల నొప్పిచేత ఆమె నడుమ నడుమ కూర్చుండి మరల లేచెడిది. సగము దాటిన తరువాత ప్రక్కన నడచుచున్న ఒక యువకుడు, నూట ఎనిమిది తిరుగుచున్నారుగదా అని సంతోషముతో, "ఏం కోరిక తీరిందమ్మా మీకు?" అని అడిగెను. ఆమె అతనివైపు తిరిగి మెల్లగా, "తీరలేదు నాయనా" అనెను. అని నడక సాగించెను. ఆ యువకుడు తన నడక తగ్గించి చాలసేపు ఆమె వెనుకనే నడచెను. చివరి చుట్లకు ఆమె కాళ్లు కదలలేదు. కొడుకు అట్టముక్కను జేబులో వేసికొని, రెండు చేతులతో తల్లిని పట్టుకొని తిప్పెను.

ఆ దృశ్యమును చూచిన తరువాత శ్రీమద్రామాయణములోని ఒక ఘట్టము నాకు కొత్తగా అర్థమైనది. ఉగాదికి తొమ్మిదవనాడు శ్రీరామనవమి. అందుచేత ఈ దినములలో ఆ కథను స్మరించుట ఉచితమే. భరతుడు చిత్రకూటమునకు ఒక్క కోరికతో వెళ్లెను. అన్న తిరిగి అయోధ్యకు రావలెను, పట్టము కట్టుకొనవలెను. బ్రతిమాలెను, వాదించెను. తుదకు దర్భలు పరచుకొని పర్ణశాల యెదుట పడుకొని పట్టుపట్టెను. భరతునికంటె నిర్మలమైన కోరిక ఎవరికుండును? అయినను శ్రీరాముడు రానని చెప్పెను. ఆ కోరిక తీరలేదు. అప్పుడు భరతుడేమి చేసెను? అన్న పాదుకలను పూజించి గ్రహించి, శ్రీరామునకు ప్రదక్షిణము చేసి, ఆ పాదుకలను ఏనుగు శిరస్సున ఉంచెను. పిదప నందిగ్రామమున పదునాలుగేండ్లు వానికి సేవకుడై రాజ్యము నడిపెను. కాదనిపించుకొన్న తరువాత చేసిన ప్రదక్షిణము అది. అడిగినది దొరకలేదు. కాని చేయుటకు ఒక సేవ దొరికినది. భరతుని మహిమ అంతయు ఆ తరువాతి పదునాలుగేండ్లలోనే ఉన్నది.

దీనినిబట్టి రెండు విషయములు తెలియుచున్నవి. అడుగుట తప్పు కాదు. భరతుడంతటివాడే అడిగెను, పట్టుపట్టెను. బిడ్డ తల్లిని అడుగక ఎవరిని అడుగును? రెండవది, ప్రదక్షిణము కోరికకు వెల కాదు. వెలయే అయినచో, కోరిక తీరనివాడు తిరుగనక్కరలేదు, భరతుడును తిరుగనక్కరలేదు. మా పొరుగింటి తల్లి పదకొండు తిరిగినప్పుడు ఆమె మనస్సులో ఉపాయబుద్ధి ఉండవచ్చును. నూట ఎనిమిది తిరిగినప్పుడు మాత్రము అది శుద్ధమైన కైంకర్యము. అట్లని దుఃఖములో గుడివైపు తిరిగి చూడలేనివారిని నిందింపరాదు. ఆమెయే ఒక సంవత్సరము ఏడ్చినది. ప్రదక్షిణపథమున స్వామికి సమీపమైన మలుపులున్నట్లే దూరమైన మలుపులును ఉన్నవి. దూరమైన మలుపులో ఉన్నవాడును దారిలోనే ఉన్నాడు.

108 అను సంఖ్యను తలచినప్పుడు నాకొక ఊహ కలుగును. ఇది శాస్త్రవాక్యము కాదు, నా భావన మాత్రమే. మన ఆళ్వారులు కీర్తించిన దివ్యదేశములు 108. వానిలో తిరుమల, అహోబిలము మన తెలుగునాట వెలసినవి. 106 దివ్యదేశములను మనిషి ఓపిక ఉన్నచో ఈ కాళ్లతో నడచి సేవింపవచ్చును. మిగిలిన రెండు, క్షీరసాగరము, పరమపదము, ఈ భూమిమీద లేవు. అచ్చటికి మన కాళ్లు పోవు, ఆయన తీసికొనిపోవలసినదే. నూట ఎనిమిది తిరుగువాని చివరి రెండు చుట్లును అట్టివే అనిపించును. అప్పటికి మన బలము ముగియును. ఎవరో చేయి పట్టుకొని నడిపింతురు. ఆనాడు ఆ కొడుకు చేతులను చూచినప్పుడు నాకు ఈ ఊహ కలిగినది.

కాబట్టి రానున్న ఉగాదినాడు పచ్చడి తినకముందో, పంచాంగము వినకముందో, సమీపమున ఉన్న స్వామి ఆలయమునకు పోయి ప్రదక్షిణము చేయుదము. నూట ఎనిమిది కానక్కరలేదు. పదకొండు చేయగలిగినచో పదకొండు, మూడు చేయగలిగినచో మూడు. త్వరపడవలదు. మొదటి చుట్టులో మనకు కావలసినది అడుగుదము. నడుమ చుట్లలో ఇంటివారికి, పొరుగువారికి, ఈ నగరమున మనతో కలసిమెలసి బ్రదుకుచున్న అందరికిని కావలసినది అడుగుదము. చివరి చుట్టులో ఏమియు అడుగక, కుడివైపున ఉన్నవాడెవరో ఒక్కసారి తలచుకొని నడుతము. నిరుడు అడిగి దొరకనిదేదైన ఉన్నచో, దానికొరకును ఒక చుట్టు తిరుగుదము. పచ్చడిలోని వేపపూవును తీసి పారవేయక తినునట్టిదే అదియును.

సంవత్సరము ఎట్లుండునో పంచాంగము చెప్పును. సంవత్సరము నడుమ ఎవరున్నారో ప్రదక్షిణము చెప్పును. ఆ రెండవది తెలిసినవారికి మొదటిది ఎట్లున్నను నడక ఆగదు. శ్రీనివాసుడు పాఠకుల గృహములందెల్ల ఆ నడకకు తగిన బలమును ప్రసాదించుగాక!